గ్రాంటు ప్రపోజల్ రాసిపెట్టే సర్వీసులు: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి దండగ

యూనివర్సిటీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఐడీ కార్డు కన్నా ముందే అందేది ఒకటుంది: "మీ రీసెర్చ్ ప్రపోజల్ మేం రాసిపెడతాం" అనే మెయిల్. అలాంటి సర్వీసులు ఇప్పుడు వీధికొకటి. స్థూలంగా వాటిలో రెండు రకాలు. టాపిక్ చెబితే చాలు, ప్రపోజల్ మొత్తం తయారుచేసి ఇస్తామనేవి ఒక రకం. మీరు రాసిందాన్ని ఇంగ్లిష్ దిద్ది, ఫార్మాట్ సరిచేసి ఇచ్చేవి రెండో రకం. వీటికి తోడు యూనివర్సిటీలోనే ఉచితంగా దొరికే, పరిశోధన వ్యవహారాలు చూసే ఆర్ అండ్ డీ సెల్ సాయం ఉండనే ఉంది. పేరు పెట్టి ఒక సంస్థను పొగడటమో తిట్టటమో ఈ సమీక్ష ఉద్దేశం కాదు. ఈ మూడూ ఒక దరఖాస్తులో ఏ పని బాగా చేస్తాయి, ఏ పని చెడగొడతాయి అన్నదే లెక్క.

కొలబద్దగా ఏఎన్ఆర్ఎఫ్ అనే కేంద్ర గ్రాంట్ల సంస్థ దరఖాస్తును తీసుకున్నాం. 2008 చట్టంతో వచ్చిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు, అంటే సెర్బ్‌ను 2023 నాటి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం తనలో కలిపేసుకుంది. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లలో ఎక్కువమంది మొదటి గ్రాంటు కోసం తట్టే తలుపు ఇదే. డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ), ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) ఫారాలు వేరు, కానీ తప్పులు జరిగే చోట్లు దాదాపు ఇవే.

ఒక్క ముక్కలో మా తీర్పు: ఇంగ్లిష్ దిద్దే సర్వీసుకు డబ్బు పెట్టొచ్చు, అదీ చివర్లో, రెండు మూడు పేజీల మేరకు. మొత్తం రాసిపెట్టే సర్వీసు దండగ. ఆర్ అండ్ డీ సెల్ నత్తనడకే, అయినా దరఖాస్తును నిజంగా ముంచే తప్పులు పట్టేది అక్కడే.

మొదటి పరీక్ష స్కీము ఎంపిక. మంచి సర్వీసు అయితే టాపిక్ కన్నా ముందు మీ ఉద్యోగం గురించి అడగాలి: రెగ్యులర్ పోస్టా, ఎప్పుడు చేరారు, రాష్ట్ర యూనివర్సిటీనా, ప్రైవేటు కాలేజీనా, కేంద్ర సంస్థా? ఎందుకంటే స్కీములు వాటిని బట్టే విడిపోతాయి. గణితం వాళ్లకు మ్యాట్రిక్స్ ఉంది, ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్లు. రాష్ట్ర యూనివర్సిటీలు, కాలేజీల వాళ్ల కోసం ష్యూర్ వచ్చింది, మూడేళ్లకు 30 లక్షలు. ఇదే వర్గం అధ్యాపకులు ఏడాదికి 90 రోజులు ఒక ఐఐటీలోనో జాతీయ ల్యాబులోనో పనిచేయగలిగితే టేర్ ఉంది. దాని 5 లక్షల వార్షిక గ్రాంటు సొంత కాలేజీకి, ఆతిథ్య సంస్థకు చెరిసగం. రాసిపెట్టే సర్వీసులకు ఈ తేడాలతో నిమిత్తం లేదు. గణితంలో కాగితం పెన్నుతో నడిచే ప్రాజెక్టుకు కూడా వర్క్‌స్టేషన్లు, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), పరికరాలు అంటూ ఒకే అచ్చులో పోసి ఇస్తారు. అలాంటిది చూడగానే కమిటీకి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి కాల్ డాక్యుమెంటు (దరఖాస్తులు పిలిచే ప్రకటన) చదవలేదు.

ఇంగ్లిష్ దిద్దే సర్వీసులకు పదికి ఆరు ఇస్తాం. ప్రాజెక్టు సారాంశం, లక్ష్యాలు, ఆశించే ఫలితాలు అనే మూడు పెట్టెల్లో వాళ్ల కత్తెర నిజంగా పనికొస్తుంది. పోర్టల్ ఈ పెట్టెలకు హద్దు పెట్టేది పదాల్లో కాదు, అక్షరాల్లో. ఖాళీలు కూడా లెక్కే. మనవాళ్లు రాసే మొదటి వాక్యం సాధారణంగా ఆ వ్యాధి ప్రపంచాన్ని ఎంత పీడిస్తోందో, ఆ పదార్థం ఎంత ముఖ్యమో చెబుతూ పెట్టెలో పావు వంతు మింగేస్తుంది. దాన్ని కొట్టేసి నేరుగా ప్రశ్నలోకి దిగే ఎడిటర్ దొరికితే ఫీజు గిట్టుబాటైనట్టే.

మిగతా నాలుగు మార్కులు ఎందుకు పోయాయంటే, గుర్తుల దగ్గర. వర్డ్‌లో దిద్దిన పాఠాన్ని పోర్టల్ పెట్టెలో అతికించినప్పుడు ఫాంటు రాలిపోయి ఉత్త అక్షరాలే మిగులుతాయి. మైక్రోను సూచించే మ్యూ గుర్తును పాత సింబల్ ఫాంటులో కొట్టి ఉంటే అది ఎమ్ అక్షరంగా మారిపోతుంది. 5 మైక్రోగ్రాముల డోసు కాస్తా 5 మిల్లీగ్రాములు అవుతుంది, అంటే వెయ్యి రెట్లు. పది మీద ఆరో ఘాతం ఉత్త 106గా దిగుతుంది. పది లక్షల కణాలు నూటాఆరు కణాలు! ఎడిటర్ తన వర్డ్ ఫైలు చూసి సంతకం పెట్టేస్తాడు, అతికించేది మీరు. రివ్యూయర్ మాత్రం పోర్టల్లో కనిపించేదే చదువుతాడు. కాబట్టి పెట్టెల్లోకి వెళ్లే పాఠాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, యూనిట్లను గుర్తులతో కాకుండా మాటల్లో రాయించుకోవాలి. మేం చూసిన ఎడిటింగ్ ప్యాకేజీల్లో ఈ ఒక్క పని చేర్చినవి అరుదు.

సిమిలారిటీ, అంటే ఇతర రచనలతో పోలిక శాతం, తగ్గించి ఇస్తామనేది ఇంకో బేరం. దీనికి డబ్బు కట్టడం శుద్ధ దండగ. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధశుద్ధి పథకం కింద చాలా యూనివర్సిటీలకు తనిఖీ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే అందుతోంది, లైబ్రరీలో అడిగితే రిపోర్టు తీసిస్తారు. అసలు చిక్కు తగ్గించే పద్ధతిలో ఉంది. పర్యాయపదాలు కుక్కే సాఫ్ట్‌వేర్‌లో తిప్పితే శాతం తగ్గుతుంది, శాస్త్రం చస్తుంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న మాట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్‌గా, బ్రెస్ట్ క్యాన్సర్ బోజమ్ పెరిల్‌గా మారిన పేపర్లు అచ్చులో దొరికాయి. ఇలాంటి వాటికి 2021లో టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు కూడా పెట్టారు. ప్రపోజల్లో అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ రంగంవాడు తర్వాతి పేజీ తిప్పడు. ఇక మెథడ్స్‌లో మీ పాత పేపర్ వాక్యమే రిపోర్టులో పట్టుబడితే మాటలు మార్చడం కాదు మందు. రెండు లైన్లలో కుదించి ఆ పేపర్‌ను ఉదహరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు బడ్జెట్. రాసిపెట్టే సర్వీసులు సున్నా మార్కులు తెచ్చుకునే చోటు ఇదే. పాఠం ఎంత మెరుగు పెట్టినా, శాంక్షన్ అయ్యాక మూడేళ్లపాటు మెడకు చుట్టుకునేది ఈ పట్టికే.

జేఆర్ఎఫ్ జీతం తీసుకోండి. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, మదింపు తర్వాత సీనియర్ ఫెలో, అంటే ఎస్ఆర్ఎఫ్‌గా 42,000. దీనిపై ఇంటద్దె భత్యం కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇవ్వాలి, అంటే ఎక్స్ నగరాల్లో 30 శాతం, వై నగరాల్లో 20, మిగతాచోట్ల 10. హైదరాబాద్ ఎక్స్ కిందికి వస్తుంది. వరంగల్, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు వై. కడప, అనంతపురం లాంటివి జెడ్. సర్వీసులు ఇచ్చే టెంప్లేటులో 37,000ను 36 నెలలతో గుణించి 13,32,000 అని ఒకే అంకె వేసి వదిలేస్తారు. నిజంగా కావలసింది ఎంతో చూడండి.

హైదరాబాద్‌లో మొదటి రెండేళ్లు నెలకు 37,000 మీద 11,100 అద్దె భత్యం, మొత్తం 48,100. ఏడాదికి 5,77,200. మూడో ఏడు 42,000 మీద 12,600, ఏడాదికి 6,55,200. మూడేళ్లకు కలిపి 18,09,600. అదే మనిషి, అదే పని వరంగల్‌లో అయితే 16,70,400. కడపలో 15,31,200. టెంప్లేటు అంకెకూ హైదరాబాద్ అంకెకూ మధ్య తేడా 4,77,600. శాంక్షన్ అయ్యాక ఈ డబ్బు అడిగితే ఇవ్వరు. అప్పుడు మిగిలే దారులు రెండే: స్కాలర్‌ను దాదాపు తొమ్మిది నెలల ముందే పంపేయడం, లేదా కన్స్యూమబుల్స్ (రసాయనాల్లాంటి వాడకపు సామాను) పద్దులోంచి మళ్లించడానికి అనుమతి కోసం ఉత్తరాలు రాయడం. హాస్టల్ గది ఇస్తే అద్దె భత్యం ఉండదు, నిజమే. కానీ దరఖాస్తు పెట్టేరోజు గది దొరుకుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఊరు మార్చి లెక్క వేసిచ్చే కన్సల్టెంటు కనిపించలేదు. యూనివర్సిటీ ప్రాజెక్ట్ అకౌంట్స్ సెక్షన్లో కూర్చునే సూపరింటెండెంటును అడగండి, కాలిక్యులేటర్ తీయకుండా చెబుతారు.

పరికరాల సంగతి ఇంకా ఘోరం. పరిశోధనా సంస్థలు కొనే శాస్త్ర పరికరాలకు 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది. 2022 జూలై 18 నుంచి ఆ రాయితీ తీసేశారు, మామూలు ల్యాబు పరికరాలకు ఇప్పుడు 18 శాతం. సర్వీసుల దగ్గర తిరిగే నమూనా బడ్జెట్లు అంతకు ముందువి. 20 లక్షల పరికరానికి పాత లెక్కన 21 లక్షలు వేస్తారు, బిల్లు వచ్చేది 23 లక్షల 60 వేలు. 2 లక్షల 60 వేల లోటు. దీనికి తోడు డాలర్లలో ఇచ్చిన కొటేషన్‌ను ఆ రోజు మారకం రేటుతో రూపాయల్లోకి మార్చి అక్కడితో ఆపేస్తారు. కొనేది ఏడాది తర్వాత. యూపీఎస్, ఇన్‌స్టాలేషన్, పొడిగించిన వారంటీ కూడా కొటేషన్లోనే విడివిడి వరుసలుగా అడిగి తెచ్చుకోవాలి. ప్రాజెక్టు ముగిశాక ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) ఏ పద్దూ ఉండదు.

కన్స్యూమబుల్స్ దగ్గర తప్పు వేరే రకం. ఏడాదికి 5 లక్షలు, 5 లక్షలు, 5 లక్షలు అని వేసి, సమర్థనలో "రసాయనాలు, గాజుసామాను, కిట్లు" అని రాస్తారు. కమిటీ కత్తెర మొదట పడేది దీనిమీదే. కత్తెరకు దొరకని లెక్క ఇలా ఉంటుంది: మూడు గ్రూపులు, గ్రూపుకు ఆరు ఎలుకలు, రెండు సమయాల్లో వేర్వేరు ఎలుకల నుంచి కణజాలం, అంటే 36 ఎలుకలు, 36 నమూనాలు. పాడైనవాటికి నాలుగు కలిపితే 40. ఆర్ఎన్ఏ కిట్టు 50 నమూనాలకు వస్తుంది కాబట్టి ఒకటి చాలు. సీక్వెన్సింగ్ 36కే. ఈ 36 అనే అంకె మెథడ్స్‌లో, జంతు నైతిక కమిటీ దరఖాస్తులో, బడ్జెట్లో మూడుచోట్లా ఒకటే ఉండాలి. మెథడ్స్ ఒకరు, బడ్జెట్ మరొకరు తయారుచేసే ప్యాకేజీల్లో ఈ అంకెలు కలవవు, కలవనిది రివ్యూయర్ కంట పడకా పోదు.

ఓవర్‌హెడ్ గురించి ఒక్క మాట: అది సంస్థకు పోయే సొమ్ము, పీఐ (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుడు) ఖర్చుకు కాదు. రేటు కాల్ డాక్యుమెంటులో ఉన్నదే వేయాలి.

టైమ్‌లైన్ చార్టులు చూడముచ్చటగా చేసిస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. రంగులు బాగుంటాయి. కానీ మొదటి ఆరు నెలలూ లిటరేచర్ రివ్యూ అని పట్టీ గీస్తారు. సాహిత్యం చదవకుండానే ప్రపోజల్ రాశారా అని రివ్యూయర్ అడగడూ మరి? మరోపక్క ప్రయోగాలు మొదటి నెలే మొదలైనట్టు చూపిస్తారు. శాంక్షన్ ఉత్తర్వు వచ్చాక ప్రకటన, ఇంటర్వ్యూ, చేరిక అయ్యేసరికి మూడు నెలలు గడవడం మామూలే. విదేశీ పరికరం టెండరు నుంచి ఇన్‌స్టాలేషన్ దాకా ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. కొత్త పరికరం అక్కర్లేని లక్ష్యాన్ని మొదటి ఏడాదిలో పెట్టి, పరికరం మీద ఆధారపడేదాన్ని పదో నెల తర్వాతకు జరిపిన చార్టు ఉత్త నలుపు తెలుపుల్లో ఉన్నా నమ్మబుద్ధేస్తుంది.

జాతీయ, అంతర్జాతీయ స్థితి అనే విభాగం ఇంకో గుంట. బయటివాళ్లు రాస్తే అమెరికా, చైనా పేపర్లు నలభై, మనదేశంవి రెండు ఉంటాయి. మీ ప్రపోజల్ చదివేది ఇక్కడివాళ్లు. అదే సమస్య మీద పనిచేస్తున్న మన గ్రూపులు నాలుగో ఐదో ఉంటే వాళ్ల పనిని ప్రస్తావించి, మీది ఎక్కడ వేరో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆ నలుగురిలో ఒకరి చేతికే మీ ఫైలు వెళ్లే అవకాశం ఎక్కువ. ఈ పని ఆ రంగంలో బతికేవాళ్లకే చేతనవుతుంది.

ఆర్ అండ్ డీ సెల్‌కు ఏడు మార్కులు ఇవ్వడానికి కారణం ఎండార్స్‌మెంట్ లెటర్. సంస్థ లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రారో డైరెక్టరో ప్రిన్సిపాలో సంతకం, ముద్ర వేసి ఇచ్చే కాగితం ఇది. సౌకర్యాలు కల్పిస్తామని, పీఐ మధ్యలో వెళ్లిపోతే కో-పీఐ బాధ్యత తీసుకుంటారని సంస్థ హామీ ఇస్తుంది. కో-పీఐ లేని ప్రాజెక్టులో కూడా టెంప్లేటులోని ఆ వాక్యం అలాగే ఉండిపోవడం, ఖాళీ గీత మీద సంతకం పడటం తరచూ జరిగేదే. ఇంకొకటి: లెటర్ తీసుకున్నాక ఎడిటర్ సలహాతో ప్రాజెక్టు టైటిల్ మార్చేస్తారు. పోర్టల్లో ఒక టైటిల్, లెటర్‌లో ఇంకొకటి. అందుకే భాష దిద్దించుకోవాలంటే కనీసం టైటిల్ వరకు లెటర్‌కు ముందే ఖాయం చేయాలి. హెడ్, డీన్, సెల్, రిజిస్ట్రార్ అంటూ నాలుగు బల్లలు దాటాలి కాబట్టి రెండు వారాలు చేతిలో పెట్టుకోండి. రిజిస్ట్రార్ క్యాంపు మీద ఊళ్లో లేకపోతే ఏ ప్యాకేజీ కూడా సంతకం తెచ్చిపెట్టదు.

సెల్ పట్టుకునే మరో తప్పు మన తెలుగువాళ్లకే ప్రత్యేకం: ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. డిగ్రీలో ఒట్టి ఇనీషియల్. ఆధార్‌లో చివర. పేపర్లలో ఇంకోలా. పోర్టల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ పెట్టెల్లో ఏది ఎటు వెళ్లాలో తెలియక ఒక్కో కాగితంలో ఒక్కో మనిషి అవుతారు. వయసు ధ్రువీకరణకు పెట్టే మెమోకూ, బయోడేటాకూ, ఎండార్స్‌మెంట్ లెటర్‌కూ ఒకే వరుస పాటించి, పాత పేపర్లను ఆర్కిడ్ (పరిశోధకులకిచ్చే గుర్తింపు) నంబరుతో కలిపేస్తే గొడవ తీరుతుంది. ఉత్తరాది టెంప్లేటుతో పనిచేసే ఆన్‌లైన్ సర్వీసుకు ఇదొక సమస్యని కూడా తోచదు.

సెల్‌కు పోయిన మూడు మార్కులు ఎందుకంటే, శాస్త్రం మీద ఒక్క మాటా చెప్పదు. చెక్‌లిస్టు టిక్కులు పడితే ఫైలు కదిలిపోతుంది. లక్ష్యాలు ఏడు ఉన్నా ఎందుకని అడగరు. మూడేళ్లకు, ఒక జేఆర్ఎఫ్‌కు మూడు లక్ష్యాలు చాలు, మూడోది మొదటి దాని ఫలితం మీద పూర్తిగా వేలాడకూడదు. ఈ సంగతి చెప్పగలిగింది పక్క డిపార్ట్‌మెంటులో ఇదివరకు గ్రాంటు తెచ్చుకున్నవాళ్లు. వాళ్లకు మూడు పేజీలిచ్చి, ఇరవై నిమిషాల తర్వాత "ఇందులో నా ప్రశ్న ఏమిటి?" అని అడగండి. జవాబు తడబడితే సమస్య ఇంగ్లిష్‌లో లేదు.

బయటి సర్వీసుతోనే వెళ్తామనుకునేవాళ్లు ఒప్పందంలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రాంటు గ్యారంటీ అన్న మాట కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. వచ్చిన గ్రాంటులో ఇంత శాతం అనే ఫీజు అయితే మరీ ప్రమాదం. గ్రాంటు డబ్బులోంచి అది కట్టడానికి ఏ పద్దూ లేదు, పైగా శాంక్షన్‌కు ముందు చేయించుకున్న పని ఖర్చు ఆడిట్‌లో నిలవదు. పేటెంటుకు అవకాశమున్న ఆలోచన అయితే గోప్యత ఒప్పందం మీద సంతకాలు పడకుండా ఒక్క ఫైలూ పంపకండి. అదే టాపిక్ మీద వాళ్ల దగ్గరికి ఇంకెవరు వచ్చారో మీకు తెలియదు, మీ ఫైలు ఎవరికి నమూనాగా వెళ్తుందో అంతకన్నా తెలియదు. వాళ్లు రాసిచ్చిన దాంట్లో కాపీ బయటపడినా, దరఖాస్తులోని ప్లేజియరిజం హామీపత్రం మీద ఉండేది మీ సంతకమే.

పోర్టల్లో ఫైనల్ సబ్మిట్ నొక్కాక దిద్దుబాటు ఉండదు. నొక్కేముందు ప్రివ్యూ పీడీఎఫ్ దించి, ప్రింటు తీసి, ఎరుపు పెన్నుతో నాలుగు చోట్లు చూడండి: టైటిల్, మైక్రో గుర్తులు, జేఆర్ఎఫ్ వరుసలో మూడో ఏడాది అంకె, లెటర్‌లో కో-పీఐ పేరు. గడువుకు వారం ముందు చేయాల్సిన పని ఇది. చివరిరోజు సాయంత్రం గడువు ముగుస్తుంటే కన్సల్టెంటు కూడా ఫోన్ ఎత్తడు.